రెండో సుడి

బారెడు పొద్దెక్కినా గొర్లు దొడ్డిలోనే ఉండి అరుస్తున్నాయి. ఐలేశం కర్ర పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడే గాని దడి తీయడం లేదు. పొయ్యి మీద గిన్నె ఎక్కలేదు. పొయ్యిలోంచి నిన్నటి బూడిద కూడా ఎత్తలేదు.

గుర్వమ్మ తన పెద్దబిడ్డ నాగరాణి గది గడప మీద కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం చాయ గ్లాసు చేతిలోంచి జారిపోయింది అక్కడే. అప్పటినుంచి అక్కడే ఉంది. గాజు పెంకులు ఐలేశం ఏరి పారేశాడు. ఆమెను మాత్రం లేపలేకపోయాడు. ఇంత జరిగినా ఆమె తలమీది కొంగు అంగుళం జారలేదు.

నాగరాణి వచ్చి తల్లి ఎదుట నిలబడింది. గదిలోకి పోవాలంటే తల్లిని దాటాలి. కూర్చున్న మనిషిని, అందులో కన్నతల్లిని, దాటుకుని పోవడానికి కాలు రావడం లేదు.

"అమ్మా, జర పక్కకు జరుగు. నాలుగింటి వరకు పంపాలె."

"ముందుగాల దాన్ని తీసెయ్."

నిన్నటినుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

"ఏది తీసెయ్యాలె?"

"ఏదో నీకెర్క."

"చెప్తెనే గద తెలుస్తది."

"నా నోటితోటి చెప్పించకు రాణీ."

ఐలేశం వాకిట్లోంచి కలగజేసుకున్నాడు. "ఏందే గా తీసేసుడు? బొమ్మనేనాయె. సిన్మాల బొమ్మ."

"నువ్వు నడుమల రాకు. గొర్లను కొట్టుకపో."

"ఎట్ల కొట్టుకపోవాలె? ఇంట్ల మనిషి గుక్కెడు నీళ్లు సుత తాగకపాయె."

"ఒక్కపూట తాగకుంటె సస్తనా? సచ్చేది సచ్చిపాయె."

ఐలేశం కర్రను దడికి ఆనించాడు. గొర్లు అరుస్తూనే ఉన్నాయి.

గడప మీదినుంచి చూస్తే గదిలో బల్ల, బల్లమీద కంపెనీవాళ్లిచ్చిన పెద్ద కంప్యూటరు తెర కనిపిస్తుంది. తెరమీద ఒక పిల్ల వీపు తిప్పుకుని నిలబడి ఉంది. జడ విప్పిన జుట్టు భుజాల మీదినుంచి కిందికి పడుతోంది. నడినెత్తిన, కుడివైపుకు కొంచెం జరిగి ఒక సుడి. దానికి మూడు వేళ్ల దూరంలో ఎడమవైపు ఇంకో సుడి. ఆ రెండింటి నడుమ వెంట్రుకలు ఎటు పడుకోవాలో తెలియక నిక్కబొడుచుకుని ఉన్నాయి.

అది చిన్నబిడ్డ పుష్ప తల. మొహం కనపడాల్సిన పనిలేదు. పుష్ప పోయి పద్నాలుగు నెలలైనా, ఆ తలను గుర్తుపట్టడానికి గుర్వమ్మకు రెప్పపాటు చాలింది.

నాగరాణి ఉద్యోగం వెంట్రుకలు చేయడం. హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే కంపెనీ, పని ఎక్కువగా ఇంటినుంచే. మొహాలు ఒకరు చేస్తారు, బట్టలు ఇంకొకరు కుడతారు, నడకలు మరొకరు నేర్పుతారు. ఆమె దగ్గరికి వచ్చేసరికి పిల్ల బోడితలతో వస్తుంది. ఆ తలమీద కంప్యూటరులో ఒక్కో పోగూ నాటాలి. అన్నీ నాటనక్కరలేదు, రెండువందల పోగులు సరిగ్గా నాటితే మిగిలిన లక్షా వాటిని చూసి మొలుస్తాయి. కాని ఆ రెండువందలూ ఎక్కడ పుట్టి ఎటు తిరగాలో పుట్టుకతోనే తెలిసినట్టుండాలి. నున్నగా దువ్వినట్టుంటే దుకాణంలో బొమ్మలా ఉంటుంది. నాలుగు పోగులు మాట వినకుండా ఉంటేనే మనిషి అనిపిస్తుంది.

ఈ పని చూసి మొదట్లో ఐలేశం నవ్వాడు. తర్వాత మనసుపెట్టి చూశాడు. "గొర్రెను కత్తిరించేటప్పుడు సుత గంతే బిడ్డ. బొచ్చు ఏ దిక్కుకు పండుకున్నదో చూడకుంటె కత్తెర తోలుకు తగుల్తది" అన్నాడు. ఆ మాట నాగరాణి ఆఫీసులో అందరికీ చెప్పుకుంది.

ఈసారి వచ్చిన తల, మేకలు కాసే పిల్లది. సినిమాలో ఆ పిల్ల జొన్నచేనులోకి పరుగెత్తుతుంది, కెమెరా వెనకాలే పోతుంది. చూసేవాళ్లకు కనపడేది తల వెనకభాగమే. అలాంటి తల చేయమని నాగరాణికే ఇచ్చారు, ఆమె చేయి మంచిదని.

పుష్పను చేద్దామని ఆమె అనుకోలేదు. కంపెనీ పంపిన ఫోటోలు పక్కన పెట్టుకునే మొదలుపెట్టింది. మూడోరోజుకు చేయి దానంతటదే పుష్ప తలవైపు పోయింది. పుష్పకు బడికి జడలు వేసింది నాగరాణే. తల్లి తెల్లారకముందే గొర్లకాడికి పోయేది. పోతూ పోతూ రోజూ ఒకటే మాట. "నడిమి పాపిట తియ్యకు రాణీ. ఎడమదిక్కు తీసి, మీదికెళ్లి దువ్వు." ఎందుకని అడిగితే, గట్లనే మంచిగుంటది అనేది.

ఎందుకో పుష్ప పెళ్లయ్యాక తెలిసింది. అత్త బిక్షమ్మ కోడలి తలకు నూనె పెట్టబోయి రెండు సుళ్లు చూసిందట. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఒకటే పాట. "రెండు సుళ్లదానికి రెండు లగ్గాలు. నా కొడుకును మింగి ఇంకోని కాడికి పోయే పిల్లను మా మెడకు కట్టిండ్రు." కొడుకు రాజేశ్‌ను భార్య పక్కన పడుకోనివ్వలేదు. ఆమె వడ్డించింది తిననివ్వలేదు. బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన పుష్ప తొమ్మిది రోజులూ ఏడ్చింది. "నేను పోనమ్మా" అంది. పదోరోజు గుర్వమ్మే రామన్నపేటకు తీసుకుపోయి అత్తింటి ఊరి బస్సెక్కించింది. నెల తిరక్కుండా పిల్లకు జ్వరం. ముట్టుకునేవాళ్లు లేక, మంచం మీదే పదకొండు రోజులు. పన్నెండోరోజు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. పదమూడోరోజు శవాన్ని తెచ్చారు.

ఎందుకు పంపావని నాగరాణి అడగని నెల లేదు. గుర్వమ్మ జవాబు చెప్పిన నెలా లేదు.

ఆఖరి స్నానం పోసినప్పుడు నూనెసీసా పట్టుకుని నిలబడింది నాగరాణే. తల్లి దువ్వెన తీసుకుని, చచ్చిపోయిన పిల్లకు ఎడమవైపు పాపిట తీసి, మీదినుంచి దువ్వి, రెండో సుడిని కప్పింది. కాటికి పోయే పిల్లకు కూడా.

పన్నెండింటికి ఫోను మోగింది. పని చేయించే మేడమ్ స్నేహలత. చేతిలో తల్లికోసం తెచ్చిన నీళ్లచెంబు ఉండడంతో నాగరాణి ఫోను స్పీకరులో పెట్టి కిటికీలో ఉంచింది.

"నాగరాణీ, చూశాం. చాలా బాగా వచ్చింది. కానీ పైన రెండు సుళ్లు వచ్చాయి, గమనించావా? ఒక పక్క చేసుకుని రెండో పక్కకి మిర్రర్ కొట్టేశావా?"

ఈ పనిలో కొత్తవాళ్లు చేసే తప్పు అది. సగం తల చేసి, మిగతా సగం అద్దంలో చూసినట్టు దించమని కంప్యూటరుకు చెబుతారు. ఒక్క సుడి రెండవుతుంది. ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషిని అడగాల్సిన మాట కాదు.

"మిర్రర్ కాదు మేడమ్. చేత్తోనే పెట్టిన."

"కావాలనా? ఎందుకు?"

"కొందరికి ఉంటయి మేడమ్."

"ఉంటాయేమో. చూసేవాళ్లకి తప్పులా కనిపిస్తుంది కదమ్మా. నాకే అలా అనిపించింది. రెఫరెన్స్ ఉందా? ఎవరిదైనా తల, వెనకనుంచి తీసిన ఫోటో?"

నాగరాణి చెంబు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఉంటే పంపించు. డైరెక్టర్ గారికి చూపించి నేను ఒప్పిస్తా. నిజం చెప్తున్నా, అందులో ఏదో ప్రాణం ఉంది. కానీ చేతిలో ఫోటో లేకుండా నేను వాదించలేను. లేకపోతే తీసెయ్. నాలుగింటికి లైటింగ్ వాళ్లకి వెళ్లిపోవాలి. వెళ్లాక ఇంక దాన్నెవరూ ముట్టుకోరు, ఎలా ఉంటే అలా ఉండిపోతుంది."

ఫోను ఆగిపోయింది. గడపమీదినుంచి గుర్వమ్మ అంది.

"గామె సుత తీసెయ్యమన్నది గద."

"ఫోటో ఉంటె ఉంచుతమన్నది. గది వినవడలేదా?"

"ఫోటో లేదు గద."

"ఎట్లుంటది?" నాగరాణి చెంబు నేలమీద పెట్టింది. పెట్టిన ఊపుకు నీళ్లు చింది తల్లి చీరమీద పడ్డాయి. "లగ్గంనాడు ఫోటోలు తీసేటాయన ఎనుకకెళ్లి జడ తీస్తనంటె అడ్డం నిలవడ్డది ఎవరు? బడిల అందరు పిల్లలు ఎనుకకు తిరిగి డాన్సు చేస్తుంటె, మా పిల్లకు కడుపు నొస్తున్నదని ఇంటికి గుంజుకొచ్చింది ఎవరు? నా ఫోన్ల ఉన్నయన్ని చూసిన. ఆల్బం చూసిన. అన్ని మొహాలే. ఒక్కటంటె ఒక్కటి ఎనుకకెళ్లి లేదు."

"మొహం సాలదా?"

"మొహం అందరు చూసిందే. గా తల నేను దువ్విన. నా చేతులకు గది తప్ప ఏం మిగల్లె అమ్మా."

"నేను ఇరవై మూడేండ్లు దాచిన." గుర్వమ్మ గొంతు పెరగలేదు. "గొర్లకాడ ఉన్నా నా పానమంత గా పాపిట మీదనే ఉంటుండె. గాలికి లేస్తదేమో, ఎవరన్న చూస్తరేమోనని. గంత దాచినదాన్ని నువ్వు సిన్మాల పెట్టి దేశమంత చూపిస్తవా? బిక్షమ్మ చూడదా? గా ఊరోళ్లు చూడరా? గిదే, గీ రెండు సుళ్ల పిల్లనే అని మల్ల అనరా?"

"అననీ! అంటె ఏమైతది? ఇప్పుడు దానికేం తగుల్తది?"

"నాకు తగుల్తది."

"నీకు తగలాలె." నాగరాణికి తన గొంతు తనకే వేరేగా వినిపించింది. "దాచి దాచి, ఆఖరికి బస్సెక్కించి, నువ్వే దాన్ని మింగితివి."

"రాణీ!" ఐలేశం అరిచాడు.

గుర్వమ్మ కొట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆమె చీరమీద పడ్డ నీళ్లను చేత్తో రెండుసార్లు దులుపుకుంది. గోడ పట్టుకుని, మోకాళ్లు పట్టేసినందుకు చిన్నగా మూలిగి, లేచింది. పక్కకు జరిగింది.

"పో. తీసెయ్."

నాగరాణి వెంటనే లోపలికి పోలేదు. ఇంటి వెనక్కి పోయి తొట్టి దగ్గర చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చేసరికి తండ్రి పొయ్యి ముట్టించి ఉప్మా కలియబెడుతున్నాడు. ఉప్పు వేశాడో లేదో ఆయనకే తెలియదు. ఎవరూ తినలేదు.

రెండున్నరకు ఆమె బల్ల ముందు కూర్చుంది. పెన్ను చేతిలోకి తీసుకుంది. కంప్యూటరులో అది దువ్వెన. తల్లి వచ్చి వెనక నిలబడడం తెరమీద పడ్డ నీడలో కనిపించింది.

రెండో సుడిని తీసేయడం పెద్ద పనేమీ కాదు. దానిచుట్టూ ఉన్న పద్దెనిమిది పోగులను ఒక్కొక్కటిగా పట్టుకుని, మొదటి సుడి చెప్పినట్టు వినమని అటువైపు వంచాలి. నాగరాణి వంచింది. ఒకటి. ఇంకొకటి. నిక్కి ఉన్నవి పడుకున్నాయి. ఎదురు తిరిగినవి దారికొచ్చాయి. పదినిమిషాల్లో నెత్తంతా ఒకే వరుసన, నీళ్లు పారినట్టు నున్నగా అయిపోయింది.

పిల్ల ఎంతో చక్కగా ఉంది. సబ్బుల ప్రకటనలో పిల్లలా ఉంది.

"అయిపాయెనా?" అంది గుర్వమ్మ.

"అయిపాయె."

తల్లి ఇంకాస్త దగ్గరికి వచ్చింది. కళ్లు చికిలించి చూసింది. తెరకు ఒక పక్కనుంచి చూసింది, రెండో పక్కనుంచి చూసింది. తప్పిపోయిన గొర్రెను మందలో వెతికినట్టు వెతికింది.

"గిదెవల పిల్ల?"

"ఎవల్ది కాదు."

వాకిట్లో గొర్ల అరుపు ఒక్కసారి పెరిగి తగ్గింది.

"వాపస్ తే."

"అమ్మా, నువ్వే గద..."

"తే అంటున్న."

నాగరాణి మీటలు నొక్కింది. వంచినదల్లా వెనక్కి తిరిగింది. ఒక్కో పోగూ తల ఎత్తుకుంది, వాన పడ్డాక గడ్డి లేచినట్టు. ఎడమవైపున సుడి మళ్లీ విచ్చుకుంది.

గుర్వమ్మ చూపుడువేలు తెరమీద పెట్టింది. పాత అలవాటున ఎడమనుంచి మీదికి దువ్వబోయి, ఆగిపోయింది. వేలు సుడి మీదే ఉంచింది.

"గిక్కడ నూనె నిలువకపోతుండె. ఎంత పెట్టినా చెవుల మీదికి కారుతుండె."

పద్నాలుగు నెలల్లో పుష్ప గురించి తల్లి ఇంత మాట్లాడడం ఇదే.

"పేన్లన్ని గిక్కడనే. ఎంత దువ్వినా గీ రెండిటి నడుమ దాక్కుంటుండె."

"నా తలకు ఎక్కించింది సుత గదే" అంది నాగరాణి.

"నీదేం తక్కువనా? సుడి ఒక్కటే గాని, పేన్లు మందకు మంద."

గుమ్మంలో ఐలేశం నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్లయిందో, తల్లీబిడ్డలిద్దరూ అటే చూశారు. ఆయన నవ్వు మధ్యలోనే ఆగింది.

"గామె," అంది గుర్వమ్మ తెరమీదినుంచి వేలు తీయకుండా, "ఫోటో ఉంటె ఉంచుతదా? నిక్కంగ?"

"ఉంచుతది. ఫోటో ఉంటె తప్పు కాదు అని చెప్పొచ్చు. మనిషికి గిట్ల ఉంటదని చూపెట్టొచ్చు." నాగరాణి గడియారం చూసింది. మూడూ ఇరవై. "ఎవరి దగ్గరన్న ఉన్నదా అమ్మా? పిన్నోళ్ల కాడ?"

"ఫోటో లేదు."

గుర్వమ్మ పోయి కిటికీ కింద, ఎండ పడేచోట, బిడ్డవైపు వీపు పెట్టి నేలమీద కూర్చుంది. చేయి నెత్తిమీదికి పోయింది.

అప్పటికిగాని నాగరాణికి తట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా తల్లి తలను వెనకనుంచి తాను ఎప్పుడూ చూడలేదు. తల్లి తలస్నానం దడి వెనకాల ఒంటరిగా చేసేది. తడి ఆరకముందే కొప్పు ముడిచి, కొంగు కప్పుకుని వచ్చేది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లు దువ్వెన పట్టుకుని మీదపడితే, "నాకు గిలి, పోండ్రి" అని తరిమేది. జ్వరంతో మూలుగుతున్నప్పుడు కూడా నుదుటిమీద తడిగుడ్డ తానే వేసుకునేది.

"గుర్వమ్మా, వద్దు" అన్నాడు ఐలేశం.

ఆయన ఆమెను పేరుపెట్టి పిలవడం నాగరాణి వినడం అదే మొదలు. ఎప్పుడూ ఏమే, లేకపోతే ఓ రాణోళ్లమ్మా.

"ముప్పై రెండేండ్లు కప్పుకున్న" అంది గుర్వమ్మ. "సాలు."

కొంగు దించింది. కొప్పు విప్పింది. సగం నెరిసిన పలచటి జుట్టు వీపు మీద పడింది. ఎడమవైపున్న పాపిటను రెండు చేతులతో చెరిపేసింది. ఎన్నో ఏళ్లు ఒకేవైపు దువ్వించుకున్న వెంట్రుకలు ఒక క్షణం అలాగే పడి ఉన్నాయి. తర్వాత మెల్లగా, ఒక్కొక్కటే, తమ దిక్కుకు తిరిగాయి.

కుడివైపు ఒకటి. మూడు వేళ్ల దూరంలో ఎడమవైపు ఇంకొకటి. నడుమ నిక్కిన వెంట్రుకలు, తెల్లవి.

"తియ్యి ఫోటో."

నాగరాణి ఫోను తీసింది. మొదటి రెండూ అలికినట్టు వచ్చాయి. మూడోది నిలిచింది.

"గామె అడుగుతది గద, గిదెవల తల అని. ఏం చెప్తవ్?"

"మా అమ్మది అని చెప్త."

"గంతే అంటె సాలదు." గుర్వమ్మ వెనక్కి తిరగలేదు. గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "మీ నాయిన నాకు రెండోడు, బిడ్డ."

నాగరాణి తండ్రి వైపు చూసింది. ఐలేశం తల దించుకుని, దర్వాజకు ఆనుకుని కూర్చున్నాడు. కొత్త సంగతి విన్న మనిషిలా లేడు.

"నన్ను ముందుగాల అమ్రాబాద్ దిక్కు ఇచ్చిండ్రు. పరశురాములు ఆయన పేరు. పదకొండు నెలలు కాపురం చేసిన. మందతోటి అడవిలకు పోయినోడు పాము కరిచి సచ్చిండు. దినాలనాడు నాకు నీళ్లు పోసిన ఆడోళ్లు నా తల చూసి, గదే, సుళ్లే తిన్నయి అన్నరు. పదహారేండ్లు నాకు. గప్పటిసంది కప్పుకున్న."

"నాకు ఎర్కుండే చేసుకున్న" అన్నాడు ఐలేశం నేలను చూస్తూ. "నేను సచ్చిన్నా? గొర్లెంబడి తిరిగి తిరిగి గింత ముసలోన్నయిన. ఒక్క జెర్రి సుత కుట్టలే."

"నువ్వు బతికినవ్. నా ఫికరే సావలేదు."

నాగరాణి వచ్చి తల్లి వెనక కూర్చుంది. ఆ తలమీద చేయి వేద్దామని చాచింది. మధ్యాహ్నం తాను అన్న మాట గుర్తొచ్చి చేయి గాలిలోనే ఆగింది.

"అమ్మా, నేనన్నది..."

"తప్పు అనలేదు నువ్వు. ఇను. బిక్షమ్మ నూనె పెట్టెటప్పుడు చూసిందనుకుంటున్నవు గద?"

"అందరం గంతే అనుకుంటున్నం."

"నా పిల్ల తల ముట్టనిచ్చేది కాదు. నేను నేర్పిన గద. ఏడాది కాపురంల ఒక్కనాడు ముట్టనియ్యలే." ఆమె ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. "గా ఏడు వానాకాలంల రాజేశ్ బండి మీదికెళ్లి పడ్డడు చూడు. కాలు ఇరిగె. నాకు కండ్ల ముంగట పరశురాములే కనవడ్డడు. పదకొండు నెలలే అయితున్నయి లగ్గమై. గీ పిల్లగాడు సుత పోతడు, నా పిల్ల సుత నా తీర్గనే కూసుంటది అని నిద్ర పట్టకపోతుండె. అయ్యగారినడిగితె, శాంతి చేపిస్తె పోతదన్నడు. అత్తింటోళ్లే చేపియ్యాలె, అత్తింట్లనే చెయ్యాలె అన్నడు. గందుకే..."

ఐలేశం తల ఎత్తాడు. ఈ సంగతి మాత్రం ఆయనకు కొత్త.

"గందుకే ఏందే?" అన్నాడు.

గుర్వమ్మ ఒళ్లోని చేతులు నలపడం ఆపింది. మళ్లీ గోడతోనే చెప్పింది.

"గందుకే వాపస్ పంపిన. పూజ చేస్తె అంత సక్కగైతదనుకున్న. గంతకు ముందుగాలనే బిక్షమ్మ చేతులు పట్టుకోని, మా పిల్లకు రెండు సుళ్లున్నయి వదినా, నీ కొడుకును కాపాడుకో అని... నేనే చెప్పిన."

కిటికీలోంచి పడ్డ ఎండ ఆమె నెత్తిమీద, ఆ రెండు సుళ్ల మీద, తెల్లగా నిలబడింది. బల్లమీద తెరలో పుష్ప కూడా వీపు తిప్పుకునే ఉంది. ఇద్దరి మొహాలూ కనపడవు.

చేతిలో ఫోను మోగింది. స్నేహలత మేడమ్. మోగి మోగి ఆగిపోయింది. ఫోను తెరమీద తల్లి తల ఫోటో మళ్లీ వచ్చింది. పంపడానికి బొటనవేలు ఒక్కసారి తాకిస్తే చాలు. నాలుగు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి.

బొటనవేలు లేవలేదు.

గుర్వమ్మ కొంగు కప్పుకోలేదు. గోడవైపే చూస్తూ, ఇంకా ఫోటో తీస్తున్నారేమో అన్నట్టు తల కదలకుండా పట్టుకుని, అడిగింది.

"మంచిగొచ్చిందా బిడ్డ?"